బాఖ్‌ను కింది నుంచి వినండి

యోహాన్ సెబాస్టియన్ బాఖ్ పేరు మీద వెయ్యికి పైగా రచనలున్నాయి. కొత్తగా వినేవాళ్లు ఏదో ఒక ప్లేలిస్టు పెట్టుకుంటారు. అరగంట గడిచేసరికి అన్నీ ఒకేలా అనిపించి ఆపేస్తారు. మన చెవికి పైన వినిపించే పాట వెంటే పోవడం అలవాటు. బాఖ్ సంగీతంలో మాత్రం నడక తేల్చేది చాలాసార్లు అడుగున కదిలే బేస్. తంబుర శ్రుతికి అలవాటైన చెవికి ఇంకో చిక్కు కూడా ఉంది. మన దగ్గర షడ్జం కదలదు. బాఖ్ రాసిన రెండు నిమిషాల ముక్కలో కూడా అది రెండు మూడు చోట్లకు మారి, చివరికి మొదటి చోటికి వస్తుంది. ఆ మార్పు జాడ ముందుగా తెలిసేది బేస్‌లోనే. అందుకే కింద చెప్పిన వరుసంతా బేస్‌ను పట్టుకోవడం మీదే నడుస్తుంది.

ముందు సరంజామా సంగతి. ఫోన్ స్పీకర్ ఇక్కడ పనికిరాదు. చెల్లోలో అన్నిటికన్నా లావు తీగ దాదాపు 65 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. చాలా ఫోన్ స్పీకర్లలో 200 హెర్ట్జ్ కిందికి వెళ్తే మిగిలేది చాలా తక్కువ. మామూలు ఇయర్‌ఫోన్లు చాలు. ‘బేస్ బూస్ట్’ మాత్రం వేయకండి. అడుగు స్వరాలు ఉబ్బిపోయి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, ఏ స్వరం ఎక్కడ మారిందో తెలియదు. యాప్‌లో షఫుల్, క్రాస్‌ఫేడ్ రెండూ ఆపేయండి. యాప్ దృష్టిలో ప్రతి భాగమూ ఒక విడి పాటే. ఆరు భాగాల రచనను అది కలగాపులగం చేసి వినిపిస్తే తప్పు బాఖ్ మీదికి పోతుంది.

ఒక్క వాయిద్యంతో మొదలు

మొదటి ముక్క: ఒకటో చెల్లో సూట్‌లోని (వరుసగా వాయించే ముక్కల కట్ట) ప్రెలూడ్, అంటే మొదటి భాగం, బీడబ్ల్యూవీ (బాఖ్ రచనల జాబితా నంబర్) 1007. మొత్తం 42 బార్లు (ఆవర్తనాల్లాంటి తాళ విభాగాలు), రెండున్నర నిమిషాలు. ఒక్క చెల్లో తప్ప మరేమీ ఉండదు.

మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి పై స్వరాలను వదిలేసి, ప్రతి అల్లికలో మొట్టమొదటి స్వరాన్నే పట్టుకోండి. బార్‌కు 16 స్వరాలు. ఎనిమిది స్వరాల అల్లిక ఒకటి వచ్చి, మళ్లీ అదే వస్తుంది. మొదటి నాలుగు బార్లలో అడుగు స్వరం జి (ఈ ముక్కకు షడ్జం) దగ్గరే నిలబడి ఉంటుంది, పైన మాత్రం కార్డులు (కలిసి మోగే స్వరాల గుంపులు) మారతాయి. ఆ తర్వాత అడుగు కూడా కదలడం మొదలవుతుంది. సగం దాటగానే, 22వ బార్‌లో, సంగీతం డి స్వరం (పంచమం) మీద ఆగుతుంది. రాతప్రతిలో అక్కడ ఆగమనే గుర్తు ఉంది. అక్కడి నుంచి చివరిదాకా జరిగేదంతా ఆ డి నుంచి జి దగ్గరికి తిరిగి రావడాన్ని వీలైనంత ఆలస్యం చేయడమే. ముగింపుకు కాస్త ముందు ఒక తీగను అలాగే మోగనిస్తూ పక్క తీగ మీద అరస్వరం చొప్పున పైకి ఎక్కుతుంది. ఆ ఎక్కడం అయ్యాక వచ్చే జి కార్డ్ మీకు ‘వచ్చేశాం’ అనిపించిందంటే ఈ ముక్క పని పూర్తయింది. అనిపించకపోతే 22వ బార్ ఆగిన చోటు నుంచి మళ్లీ పెట్టండి, మొదటి నుంచి అక్కర్లేదు.

ఇద్దరు చెల్లిస్టులు ఇదే ప్రెలూడ్‌ను రెండు రకాలుగా వాయిస్తారు. ఏ స్వరాలను ఒకే బో (వాయించే కమాను) లాగుడులో కలపాలో ఒకరి దగ్గర ఒకలా ఉంటే మరొకరి దగ్గర వేరేలా ఉంటుంది. బాఖ్ చేతిరాత ప్రతి దొరకలేదు. రెండో భార్య అన్నా మాగ్దలేనా రాసిన నకలు ఉంది గానీ, అందులో ఆ కలిపే గీతలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో చాలాచోట్ల తేలదు. వేగం గుర్తు అసలే లేదు. కాబట్టి తేడా కనిపిస్తే ఎవరిదో తప్పనుకోనక్కర్లేదు.

రెండు గొంతులు, ఆపై మూడు

రెండోది ఒకటో ఇన్వెన్షన్ (రెండు చేతులకు రెండు వరుసలున్న చిన్న కీబోర్డు ముక్క), బీడబ్ల్యూవీ 772. మొత్తం 22 బార్లు. పెద్దకొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్ కోసం 1720లో మొదలుపెట్టిన అభ్యాసపుస్తకంలో దీని తొలి రూపం ఉంది, 1723లో బాఖ్ దీన్ని శుభ్రంగా తిరగరాశాడు. సి స్వరాన్ని షడ్జంగా పెట్టుకుంటే మూలపదం ఇది: స రి గ మ రి గ స, ప. ఇది నోటితో నాలుగుసార్లు అనుకున్నాకే ప్లే నొక్కండి. కుడిచేయి అనగానే అర బార్ ఆలస్యంగా ఎడమచేయి అదే పదాన్ని కింది స్థాయిలో అంటుంది. రెండో బార్‌లో అదే పదం పంచమం మీద నుంచి వస్తుంది. మూడో బార్‌లో తలకిందులవుతుంది: ధ ప మ గ ప మ ధ. ఎక్కిన చోట దిగుతుంది, దిగిన చోట ఎక్కుతుంది. మొదటి మూడు బార్లలోనే ఇంత జరిగింది. ఆ తర్వాత 19 బార్లలో కొత్త సరుకంటూ దాదాపు ఏమీ రాదు. ఒకసారి పైచేతిని, ఇంకోసారి కింది చేతిని మాత్రమే వెంబడిస్తూ వినండి.

ఇక ఫ్యూగ్, అంటే ఒకే మూలపదాన్ని గొంతులు ఒకదాని తర్వాత ఒకటి అందుకునే రచన. ‘వెల్-టెంపర్డ్ క్లావియర్’ అనే కీబోర్డు సంకలనం మొదటి పుస్తకం (1722) నుంచి సి మైనర్ (సి షడ్జంగా, చిన్న గాంధారంతో) ఫ్యూగ్, బీడబ్ల్యూవీ 847 రెండో సగం. మొత్తం 31 బార్లు, మూడు గొంతులు, దాదాపు ఒకటిన్నర నిమిషం. ‘గొంతు’ అంటే ఇక్కడ పాడేది అని కాదు, విడిగా నడిచే ఒక స్వరవరుస. మూలపదంలో వచ్చే స్వరాలు కీరవాణిలో ఇమిడిపోతాయి: స ని స ప ధ, స ని స రి ప, స ని స రి మ ప ధ ప మ గ. పోలికను అక్కడే ఆపేయండి. దీన్ని రాగంలా వింటే ఎందుకు మాటిమాటికీ అదే పదం అంటున్నాడో అర్థం కాదు.

మొదటి వినికిడిలో చేయాల్సిన పని ఒకటే. మూలపదం పూర్తిగా వచ్చిన ప్రతిసారీ ఒక వేలు ముడవాలి. మొత్తం ఎనిమిది రావాలి. అవి 1, 3, 7, 11, 15, 20, 26, 29 బార్లలో ఉన్నాయి. మొదట మధ్య గొంతు, తర్వాత పైది, ఆ తర్వాత బేస్. పది పన్నెండు లెక్క వచ్చిందంటే కారణం ఇది: 5, 9 బార్ల దగ్గర మూలపదంలోని తలభాగం మాత్రమే తుంచి ఆడిస్తాడు, మీరు దాన్ని కూడా లెక్కపెట్టారు. ఆరే వచ్చాయంటే బేస్‌లో వచ్చినవి జారిపోయాయి. ఇయర్‌ఫోన్లు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి.

రెండోసారి 3వ బార్ దగ్గర చెవి పెట్టండి. పై గొంతు జవాబు చెప్తుంది. అది అచ్చంగా పంచమం మీదికి ఎత్తిన మూలపదమైతే ప మ ప తర్వాత రి రావాలి. బాఖ్ అక్కడ రి తీసేసి స పెట్టాడు. ఆ ఒక్క స్వరం మార్పుతో షడ్జం అప్పుడే చేజారిపోకుండా నిలిచింది. ఫ్యూగ్ రాసేవాళ్లు దీన్ని టోనల్ జవాబు అంటారు. అదే సమయంలో మధ్య గొంతు ఊరుకోకుండా పైనుంచి జారే వేగపు స్వరాలతో ఇంకో పదం మొదలుపెడుతుంది. ఇక నుంచి మూలపదం ఎక్కడికి వెళ్తే ఈ రెండో పదమూ దాదాపు అక్కడికి వెళ్తుంది.

మూడోసారి 11వ బార్. మూలపదం మేజర్‌లో (పెద్ద గాంధారంతో) వస్తుంది, వెలుతురు పెరిగినట్టుంటుంది. షడ్జం అప్పటికి గాంధారం మీదికి వెళ్లింది. గ్రహభేదం తెలిసినవాళ్లకు ఇది వెంటనే తగులుతుంది. 15లో పంచమం, 20లో సొంత షడ్జం. చివరి మూడు బార్లలో బేస్ సి మీద కదలకుండా నిలబడి ఉండగా పైగొంతు చివరిసారి మూలపదం అంటుంది. ఆఖరి కార్డ్ మైనర్ కాదు, మేజర్. అది వాయించినవాళ్ల పొరపాటేమో అనిపించవచ్చు. ఆ కాలంలో మైనర్ ముక్కలను అలా ముగించడం మామూలే.

మూడు గొంతులనూ ఒకేసారి వినాలని మొదట్లో పట్టుపట్టకండి. నేర్చినవాళ్ల చెవి కూడా ఒకదాని మీద ఉండి, కొత్త గొంతు వచ్చినప్పుడు దాని మీదికి మారుతుంటుంది.

జీవితాన్ని ఉద్యోగాల వారీగా చదవండి

బాఖ్ సొంత ఉత్తరాలు కొద్దిగానే మిగిలాయి. తొలి జీవిత వివరాల్లో చాలావరకు 1754లో అచ్చయిన మృతినివాళి నుంచే వచ్చాయి, దాన్ని రాసిన ఇద్దరిలో కొడుకు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయేల్ ఒకడు. అందుకే మనసులో ఏమనుకుని రాశాడో ఊహించే జీవితచరిత్రల మీద ఎక్కువ సమయం పెట్టకండి. ఏ ఊళ్లో ఎవరి జీతం తీసుకున్నాడో చూస్తే ఏం రాశాడో చాలావరకు తేలిపోతుంది.

ఆయన పుట్టింది 1685 మార్చి 21న, జర్మనీలోని ఐసెనాఖ్‌లో. పదేళ్లకే తల్లిదండ్రులిద్దరూ పోయారు. ఆర్గన్ వాయించే అన్న దగ్గర ఓర్‌డ్రుఫ్‌లో పెరిగాడు. 1703 నుంచి ఆర్న్‌స్టాట్‌లో, 1707 నుంచి మ్యూల్‌హౌజెన్‌లో ఆర్గనిస్టు. 1705లో నాలుగు వారాల సెలవు తీసుకుని, ఆర్గన్ విద్వాంసుడు బుక్స్‌టెహూడ వాయించగా వినడానికి దాదాపు 400 కిలోమీటర్లు నడిచి ల్యూబెక్ వెళ్లాడు. తిరిగొచ్చింది దాదాపు నాలుగు నెలలకు. 1708 నుంచి 1717 దాకా వైమార్ దర్బారు. ఆర్గన్ రచనల్లో పెద్ద భాగం అక్కడివే. ఉద్యోగం వదలడానికి పట్టుబట్టినందుకు అక్కడి డ్యూక్ 1717 చివర్లో దాదాపు నాలుగు వారాలు జైల్లో పెట్టించాడు.

ఆ తర్వాత క్యోటెన్. యువరాజు లియోపోల్డ్‌కు సంగీతమంటే ప్రాణం, కాకపోతే ఆ దర్బారు కాల్వినిస్టు (ప్రొటెస్టంట్లలో ఒక శాఖ). చర్చిలో ఆడంబరమైన సంగీతం పనికిరాదు. అందుకే వాయిద్య సంగీతం ఇక్కడ ఇంత చిక్కగా కనిపిస్తుంది: సోలో వయొలిన్ రచనల శుభ్రప్రతి 1720లో, బ్రాండెన్‌బర్గ్ కాన్సర్టోల అంకితం 1721 మార్చిలో, ‘వెల్-టెంపర్డ్ క్లావియర్’ 1722లో. 1723 నుంచి 1750 జూలై 28న చనిపోయేదాకా లైప్‌జిగ్. సెయింట్ థామస్ స్కూల్లో కాంటర్ (సంగీతం నేర్పి పాడించే) ఉద్యోగం, నగరంలోని పెద్ద చర్చిల సంగీతం బాధ్యత. వచ్చిన కొత్తలో దాదాపు వారానికొక కాంటాటా (చర్చి ఆరాధనలో పాడే, చాలా భాగాలున్న రచన) చొప్పున అందించాడు. 1729 నుంచి కాఫీహౌస్‌లో వాయించే కొలీజియం మ్యూజికం బృందాన్ని కూడా నడిపాడు. హార్ప్సికార్డ్ (పియానోకు ముందటి మీటల వాయిద్యం) కాన్సర్టోలు ఎక్కువగా ఆ వైపు నుంచి వచ్చినవే.

ఈ పద్ధతికి ఒక మినహాయింపు ఉంది, తెలియకపోతే తికమకే. బాఖ్ పాత సరుకును కొత్త మాటలతో మళ్లీ వాడేవాడు. క్రీస్తు పుట్టుక కథను పాడే క్రిస్మస్ ఒరటోరియో (1734) డప్పుల మోతతో మొదలవుతుంది. దేవుడి పాటకు ముందు ఒంటరిగా డప్పులెందుకు? ఆ సంగీతం అంతకు ముందటేడు రాణి పుట్టినరోజుకు రాసినది, అప్పటి తొలి మాటలకు అర్థం ‘మోగండి, డప్పుల్లారా’. తర్వాత బాకాలను పిలుస్తారు, బాకాలు వస్తాయి. మాటలు మారాయి, డప్పులు అలాగే ఉండిపోయాయి.

బీడబ్ల్యూవీ నంబర్ కూడా వయసు చెప్పదు. వోల్ఫ్‌గాంగ్ ష్మీడర్ 1950లో అచ్చేసిన ఆ జాబితా రచనలను రకాల వారీగా పేర్చింది. మొదట కాంటాటాలు, 232 నుంచి మాస్‌లు (చర్చి ఆరాధన మాటలకు కట్టినవి), 244 నుంచి పాషన్లు (ఏసు మరణ కథను పాడేవి), 525 నుంచి ఆర్గన్, 772 నుంచి కీబోర్డు, 1001 నుంచి సోలో, చాంబర్ సంగీతం, 1041 నుంచి కాన్సర్టోలు. బీడబ్ల్యూవీ 1 రాసేనాటికి ఆయనకు 40 ఏళ్లు, బీడబ్ల్యూవీ 4 మాత్రం ఇరవైల్లో రాసినది.

కాంటాటా వినే తీరు

ఇక్కడ మాటలు ముందు పెట్టుకోవాలి. జర్మన్ మాటల అనువాదం పక్కన లేకుండా కాంటాటా వింటే సగం పోతుంది. ఎంచుకోవాల్సింది బీడబ్ల్యూవీ 140, 1731 నవంబర్ 25న తొలిసారి పాడారు. ఈస్టర్ బాగా ముందుగా వచ్చిన ఏళ్లలోనే, ఇది రాసిన ఆదివారం చర్చి క్యాలెండర్‌లోకి వస్తుంది. కథ బైబిల్లో పదిమంది కన్యలది: పెళ్లికొడుకు అర్ధరాత్రి వస్తాడు, దీపాలకు నూనెతో సిద్ధంగా ఉన్నవాళ్లే లోపలికి వెళ్తారు. ఏడు భాగాలు, దాదాపు అరగంట.

నాలుగో భాగంతో మొదలుపెట్టండి, నాలుగు నిమిషాలే. మూడు వరుసలున్నాయి. వయొలిన్లు, వయోలా కలిసి ఒకే గొంతుతో ఒక హాయైన పాట వాయిస్తాయి. కింద బేస్ నడుస్తుంది. మధ్యలో టెనర్ (మగవాళ్ల పై గొంతు), అప్పటికే జనానికి నోటికొచ్చిన చర్చి పాటను పొడుగు స్వరాల్లో పాడతాడు. ఆ పాట తీగవాయిద్యాల పదం పూర్తయ్యేదాకా ఆగదు, మధ్యలోనే జొరబడుతుంది. రెండూ వేర్వేరు పాటలైనా తగవు రాదు, ఎందుకంటే రెండూ ఒకే బేస్ మీద నిలిచాయి. దీన్నే బాఖ్ తర్వాత ఆర్గన్‌కు మార్చాడు, బీడబ్ల్యూవీ 645. కుడిచేతికి తీగల పాట, ఎడమచేతికి టెనర్, కాళ్లకు బేస్. రెండూ వెంటవెంటనే వినండి. వరుసలు విడదీయడం నేర్చుకోవడానికి దీనికి మించిన జత దొరకడం కష్టం.

ఆ తర్వాత మొదటి భాగం. అదే చర్చి పాట ఇక్కడ సొప్రానోల (అన్నిటికన్నా పై గొంతులు) పొడుగు స్వరాల్లో ఉంటుంది, హార్న్ దానికి తోడు. ఏడో భాగంలో అందరూ కలిసి అదే పాటను సాదాగా పాడతారు. 3, 6 భాగాలు సొప్రానో, బేస్ (మగవాళ్ల కింది గొంతు) గాయకుల యుగళగీతాలు. భక్తి రచన అని తెలియకపోతే ప్రేమగీతాలే అనుకుంటారు.

పెద్ద రచనలకు తలుపులు

గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్ (1741, బీడబ్ల్యూవీ 988) దగ్గర చాలామంది బోల్తాపడతారు. మొదట వచ్చే ఆరియా పాటను గుర్తుపెట్టుకుని, తర్వాతి 30 వేరియేషన్లలోనూ (మార్పు రూపాల్లోనూ) దాని కోసం వెతుకుతారు. అది దొరకదు. మారుతూ వచ్చేది ఆరియా పై పాట మీద కట్టినది కాదు, దాని కింది 32 బార్ల బేస్ మీద కట్టినది. మొదటి ఎనిమిది బార్లకు ఆ బేస్, జి షడ్జంగా: స ని ధ ప గ మ ప స. ఇది పాడుతూ ఆరియా మొదలు వినండి, తర్వాత ఒకటో వేరియేషన్. మీ నోట్లోని స్వరం, కింద నడిచే బేస్ బార్‌కొకసారి కలుస్తాయి. ఒక్కోచోట నడుమ స్వరాలు జొప్పించి దాచిపెడతాడు, కలిసే చోటు మాత్రం తప్పదు.

ఇంకో ఆనవాలు: ప్రతి మూడోది ఒక కానన్, అంటే ఒక గొంతును ఇంకో గొంతు వెంబడించడం. 3లో అదే స్వరం నుంచి, 6లో పక్క స్వరం నుంచి, 9లో మూడో స్వరం నుంచి, అలా 27లో తొమ్మిదో స్వరం దాకా. 15, 21, 25 మైనర్‌లో ఉన్నాయి. ఒకే విడతలో మొత్తం వినక్కర్లేదు, 16వది ఫ్రెంచ్ ఓవర్చర్ (నాంది సంగీతం) పద్ధతిలో కొత్తగా మొదలవుతుంది కాబట్టి అక్కడ రెండుగా విడగొట్టుకోవచ్చు. ఒక రికార్డింగ్ 38 నిమిషాలే ఉండి ఇంకోటి 80 నిమిషాలుంటే కంగారుపడకండి. ప్రతి వేరియేషన్‌లో రెండు సగాలనూ తిరగవాయించాలని బాఖ్ రాశాడు. గ్లెన్ గూల్డ్ 1955 రికార్డింగ్‌లో ఆ తిరగవాయింపులు వదిలేశాడు.

సెయింట్ మాథ్యూ పాషన్ (1727, బీడబ్ల్యూవీ 244) మూడు గంటలకు కాస్త తక్కువ. నంబర్ల గొడవ మొదట తేల్చుకోవాలి. పాత లెక్కలో 78 భాగాలు, కొత్త లెక్కలో 68. ‘ఎర్‌బార్మె డిఖ్’ ఆరియా కొత్త లెక్కలో 39, పాత లెక్కలో 47. అనువాదం ఒక లెక్కలో, రికార్డింగ్ ఇంకో లెక్కలో ఉంటే పేజీలు కలవవు.

మొత్తం వినేముందు హాస్లర్ అనే స్వరకర్త కట్టిన ఒక పాత వరుసను పట్టుకోండి, మొదట అది ప్రేమపాట. పాషన్‌లో కొత్త లెక్క ప్రకారం 15, 17, 44, 54, 62 భాగాల్లో అదే వస్తుంది. పై పాట అదే, కింది గొంతులు, స్థాయి మారతాయి. 15 తర్వాత వెంటనే 62 వినండి. 62 ఏసు ప్రాణం విడిచిన వెంటనే వచ్చేది. అదే పాట కింద బేస్, మధ్య గొంతులు అరస్వరాల మీద నలుగుతూ నడుస్తాయి. ఇంకొకటి: ఏసు మాట్లాడినప్పుడల్లా చుట్టూ తీగవాయిద్యాల నిలకడ నాదం ఉంటుంది. ‘ఏలీ, ఏలీ’ (నా దేవా, నా దేవా) అన్నచోట మాత్రం ఉండదు.

రికార్డింగుల దగ్గర వచ్చే తేడాలు

మీ కీబోర్డు మీద సరిచూసుకుంటే సి మైనర్ ఫ్యూగ్ బి మైనర్‌లా మోగితే కీబోర్డు చెడిపోలేదు. పాతకాలపు వాయిద్యాల బృందాలు ఎ స్వరాన్ని 440కి బదులు 415 హెర్ట్జ్‌కు శ్రుతి చేస్తాయి, అరస్వరం తక్కువ. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ మైనస్ ఒకటి పెట్టుకోండి.

మొదట్లో పాతకాలపు వాయిద్యాలతో, చిన్న బృందంతో చేసినవే మేలు. నలభై మంది కోరస్‌లో మధ్య గొంతులు ముద్దగా వినిపిస్తాయి. పియానోనా, హార్ప్సికార్డా అని తగవు పడనక్కర్లేదు. హార్ప్సికార్డ్‌లో మీటను గట్టిగా కొట్టినా మెల్లగా కొట్టినా శబ్దం దాదాపు ఒకటే కాబట్టి, వాయించేవాళ్లు ఏ గొంతునూ బిగ్గరగా ముందుకు తేలేరు. పియానోలో తేవచ్చు. ఫ్యూగ్ నేర్చుకునేటప్పుడు పియానో సులువు. నెదర్లాండ్స్ బాఖ్ సొసైటీ తన వీడియోలను ఉచితంగా పెడుతుంది, వాయించే చేతులు కనిపిస్తాయి కాబట్టి గొంతులు విడదీయడానికి అవి బాగా సాయపడతాయి. నొటేషన్ ఐఎంఎస్ఎల్‌పీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

‘ఆర్ట్ ఆఫ్ ఫ్యూగ్’ చివరి ఫ్యూగ్ 239వ బార్‌లో పుటుక్కున తెగిపోతే ఫైల్ మళ్లీ డౌన్‌లోడ్ చేయకండి, రాతప్రతి అక్కడే ఆగింది. కొందరు దాన్ని తామే పూర్తిచేసి వాయిస్తారు. ప్లేలిస్టుల్లో తప్పక కనిపించే జి మేజర్ మినువెట్ బాఖ్‌ది కాదు, క్రిస్టియన్ పెట్సోల్డ్‌ది. అన్నా మాగ్దలేనా పుస్తకంలో రాసుకున్నందువల్ల ఇంటిపేరు మారింది. సినిమాల్లో దెయ్యం బంగళాలకు వాడే డి మైనర్ టొకాటా, బీడబ్ల్యూవీ 565, బాఖ్‌దేనా అన్న సందేహం పండితుల్లో ఉంది. ‘ఎయిర్ ఆన్ ద జి స్ట్రింగ్’ పేరుతో ఉన్నది మూడో ఆర్కెస్ట్రా సూట్ (బీడబ్ల్యూవీ 1068) రెండో భాగానికి 19వ శతాబ్దంలో వయొలినిస్టు విల్‌హెల్మీ చేసిన మార్పు. అసలుదే వెతికి పెట్టుకోండి. పై వయొలిన్ పాటను వదిలేసి, దాని కింద ఒక్కో స్వరాన్నీ రెండు స్థాయిల్లో మోగిస్తూ మెట్టు మెట్టుగా దిగే బేస్‌ను మొదటి నుంచి చివరిదాకా వెంబడించండి.